కయాక్‌కి వైరింగ్: నీళ్లొస్తాయనుకునే మొదలుపెట్టండి

చేపలు పట్టే కయాక్‌లో, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవలో, కరెంటు పని నిజానికి పెద్దదేమీ కాదు. ఒక బ్యాటరీ, నాలుగు ఫ్యూజులు, మూడు నాలుగు స్విచ్‌లు, ఓ పదిహేను మీటర్ల వైరు, అంతే. స్క్రూడ్రైవర్ పట్టుకోవడం వచ్చినవాళ్లు ఒక సెలవురోజు కూర్చుంటే అయిపోతుంది. తంటా అంతా నీళ్లతోనే. చాలామంది పడవ డొల్లలోకి చుక్క నీరు రాకుండా సీలెంట్ పూయడం మీదే ధ్యాస పెడతారు. లోపలున్న అతుకుల సంగతి పట్టించుకోరు. కొన్నాళ్లకు ఫిష్ ఫైండర్ (నీటి కింద చేపలను తెర మీద చూపే పరికరం) ఆరిపోతూ వెలుగుతూ ఉంటుంది. విప్పి చూస్తే రాగి పచ్చగా పూసి ఉంటుంది.

నీళ్లు ఎలాగూ వస్తాయి. హ్యాచ్ (డొల్లలోకి తెరుచుకునే కన్నం) మూత సరిగా కూర్చోదు. స్కప్పర్ గొట్టం (పడవ పైభాగం, అంటే డెక్ మీద పడ్డ నీరు కిందికి పోయే దారి) చుట్టూ సన్నటి పగులు పడుతుంది. ఇవేవీ లేకపోయినా రాత్రి చల్లబడేసరికి లోపలి గాలిలోని తేమ గోడలకు చెమ్మలా పడుతుంది. కాబట్టి డొల్ల లోపల ఎప్పుడూ తడిగానే ఉంటుందనుకుని పని మొదలుపెట్టండి. డొల్లలో అతుకన్నదే ఉండకూడదు. అతుకులన్నీ బయటికి తీయగలిగే ఒకే డబ్బాలో ఉండాలి. డబ్బా నుంచి ఒక్కో పరికరానికి ఒక్కో వైరు, మధ్యలో ఎక్కడా తెగకుండా వెళ్లాలి. కింద చెప్పేదంతా ఈ లెక్కన కట్టిందే. పైన కూర్చుని తెడ్డు వేసే సిట్-ఆన్-టాప్ రకం ప్లాస్టిక్ కయాక్‌ని దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందు లెక్క, తర్వాత బ్యాటరీ

దుకాణానికి వెళ్లేముందు ఒక కాగితం తీసుకోండి. ఏమేం పెట్టాలనుకుంటున్నారో రాసి, ఒక్కోదాని పక్కన అది ఎన్ని యాంప్‌లు లాగుతుందో, రోజుకు ఎన్ని గంటలు నడుస్తుందో వేయండి. యాంప్‌లు పరికరం వెనక లేబుల్ మీదో, దాంతో వచ్చిన పుస్తకంలోనో ఉంటాయి. వాట్లే ఇచ్చి ఉంటే 12తో భాగించండి.

ఉదాహరణకు, ఏడంగుళాల తెర ఉన్న ఫిష్ ఫైండర్ 1 యాంప్ లాగుతుందనుకుందాం. ఎనిమిది గంటలు నడిస్తే 8 యాంప్ అవర్లు. ఎల్‌ఈడీ దీపాలు అర యాంప్ చొప్పున రెండు గంటలంటే 1. ఫోన్ చార్జింగ్‌కి 10 వాట్ల సాకెట్ రెండు గంటలు వాడితే, చార్జర్‌లో పోయేది కూడా కలుపుకుని సుమారు 2. మొత్తం 11. దీనికి మూడో వంతు అదనంగా కలుపుకోండి, ఎందుకంటే బ్యాటరీ పాతబడుతుంది, చలిలో తక్కువ ఇస్తుంది, తెర వెలుగు పూర్తిగా పెంచితే ఫిష్ ఫైండర్ ఎక్కువ తాగుతుంది. అంటే 15 దాకా కావాలి.

ఇక ఏ రకం బ్యాటరీ అన్నది. సీల్డ్ లెడ్ యాసిడ్ చవక, కానీ దాని మీద రాసినదాంట్లో సగమే వాడాలి. ప్రతిసారీ అడుగంటా వాడేస్తే త్వరగా పోతుంది. అంటే 15 కావాలంటే 30 యాంప్ అవర్ల బ్యాటరీ మోయాలి, అది పది కిలోల పైమాటే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే రాసినదాంట్లో దాదాపు అంతా వాడుకోవచ్చు. 20 యాంప్ అవర్లది రెండున్నర కిలోలకు అటూఇటూగా ఉంటుంది. కయాక్‌ని ఒడ్డు దాకా ఒంటిచేత్తో లాక్కెళ్లేవాళ్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. డబ్బు ఎక్కడైనా ఎక్కువ పెట్టాలంటే ఇక్కడే పెట్టమంటాను.

లిథియంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, దాని వోల్టేజ్ చివరిదాకా 13 చుట్టూనే నిలబడి, ఖాళీ అవబోయే ముందు ఒక్కసారిగా పడిపోతుంది. ఫిష్ ఫైండర్ తెర మీద వోల్టేజ్ చూసి ‘ఇంకా సగం ఉందిలే’ అనుకోవడానికి లేదు. రెండోది చార్జర్. లెడ్ యాసిడ్‌కి వాడే పాత చార్జర్ తగిలించకండి. 14.4 నుంచి 14.6 వోల్టుల దగ్గర ఆగే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ చార్జర్ విడిగా కావాలి.

వైరు, ఫ్యూజు

వైరు టిన్ పూత ఉన్న మెరైన్ రాగి వైరే కొనండి, సన్నటి తీగలు చాలా ఉన్నది. పూత లేని రాగి వైరులో చివర నుంచి చెమ్మ ఎక్కితే, పైకి ఏమీ కనపడకుండానే తొడుగు లోపల కొంతదూరం నల్లబడిపోతుంది. అప్పుడు చివర కత్తిరించి కొత్త కనెక్టర్ వేద్దామన్నా బాగున్న రాగి దొరకదు.

ఎంత లావు కావాలి? బ్యాటరీ నుంచి మూడు మీటర్ల దూరంలో 2 యాంప్‌లు లాగే పరికరం ఉందనుకోండి. కరెంటు వెళ్లి రావాలి కాబట్టి వైరు ఆరు మీటర్లు. 1.5 స్క్వేర్ ఎంఎం వైరులో పోయేది 0.16 వోల్టులు. 0.75లో అయినా 0.3 దాటి కొంచెం, అంతే. సున్నితమైన పరికరాలకు 3 శాతం, అంటే 12 వోల్టుల మీద 0.36 వోల్టుల దాకా పోయినా ఫరవాలేదంటారు. లెక్క ప్రకారం సన్న వైరు కూడా సరిపోతుంది. అయినా 1.5 కంటే తగ్గొద్దనే నా సలహా, వోల్టేజ్ కోసం కాదు. పడవను ఈడ్చినప్పుడు, కాలు తగిలినప్పుడు సన్న వైరు కనెక్టర్ మొదట్లోనే తెగుతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బ్లాక్ (శాఖల ఫ్యూజులన్నీ ఒకచోట బిగించే దిమ్మె) దాకా వెళ్లే మెయిన్ వైరు మాత్రం 2.5 వేయండి.

పాజిటివ్‌కి ఎరుపు, నెగటివ్‌కి నలుపు. పడవల వైరింగ్‌లో డీసీ నెగటివ్‌కి పసుపు వాడడం కూడా ఉంది. ఏదైనా ఒకటే పాటించండి. కయాక్ ప్లాస్టిక్‌ది కాబట్టి కార్లో లాగా నెగటివ్‌ని బాడీకి ఇవ్వడం కుదరదు. ప్రతి పరికరానికీ రెండు వైర్లూ డబ్బా దాకా తిరిగి రావాల్సిందే.

మెయిన్ ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ నుంచి 18 సెంటీమీటర్ల లోపు ఉండాలి. పడవల కరెంటు ప్రమాణాల్లో 7 అంగుళాలని చెప్పేది ఇదే. ఎందుకంటే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న ముక్క షార్ట్ అయితే దాన్ని ఆపేవాడు లేడు. ఆ ముక్క ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. మెయిన్‌కి 15 యాంప్‌ల ఫ్యూజు చాలు. ఆ తర్వాత ఫ్యూజ్ బ్లాక్‌లో ఒక్కో శాఖకు ఒక్కోటి: ఫిష్ ఫైండర్‌కి కంపెనీ చెప్పినది (చాలావాటికి 3), దీపాలకు 3, యూఎస్‌బీ సాకెట్‌కి 5. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేసేవాళ్లున్నారు. అది పోవడానికి కారణం వైరులోనో పరికరంలోనో ఉంటుంది, అక్కడ వెతకండి.

డబ్బా

గట్టి ప్లాస్టిక్ డ్రై బాక్స్ ఒకటి తీసుకోండి, మూతకు రబ్బరు రింగు ఉన్నది. బ్యాటరీ, మెయిన్ ఫ్యూజు, ఫ్యూజ్ బ్లాక్, నెగటివ్ వైర్లన్నీ కలిసే బస్ బార్, అన్నీ దాంట్లోనే. బ్యాటరీ అడుగున, మిగతావి పక్క గోడకు వీలైనంత పైన. పొరపాటున లోపల వేలెడు నీరు చేరినా ఫ్యూజులకు అందకూడదు. బ్యాటరీ అటూఇటూ కదలకుండా ఫోమ్ ముక్కలు కుక్కి, పైనుంచి వెల్క్రో పట్టీ బిగించండి. పడవ తలకిందులైనప్పుడు లోపల బ్యాటరీ ఊడి ఫ్యూజ్ బ్లాక్ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఒక్క హెచ్చరిక. లెడ్ యాసిడ్ బ్యాటరీని గాలి చొరని డబ్బాలో మూయకండి, ముఖ్యంగా చార్జింగ్ పెట్టినప్పుడు. దాన్నుంచి హైడ్రోజన్ వస్తుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ రకం వాడితే డబ్బాకు గాలి పోయే దారి ఉంచండి, చార్జింగ్ మూత తీసే పెట్టండి.

వైర్లు బయటికి వచ్చే చోటు మూత కాదు, పక్క గోడ. మూతకు కన్నం పెడితే తీసి వేసిన ప్రతిసారీ వైరు మెలికపడుతుంది. పక్క గోడకు పైభాగంలో కేబుల్ గ్లాండ్‌లు (వైరు చుట్టూ బిగిసి నీరు రానివ్వని బిరడాలు) బిగించి, వాటిగుండా జానెడేసి వైర్లు బయటికి తీసి, చివర వాటర్‌ప్రూఫ్ ప్లగ్‌లు వేయండి. పడవ వైపు నుంచి వచ్చే వైర్లకు వాటి జోడీ. ఇంటికి రాగానే ప్లగ్‌లు ఊడదీసి డబ్బా చేత్తో పట్టుకుని లోపలికి పోవచ్చు. రెండు పిన్నుల ఎస్‌ఏఈ ప్లగ్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి: దాంట్లో ఒక పిన్ను బయటికి కనబడుతుంది, ఇంకోటి రబ్బరు తొడుగులో ఉంటుంది. బ్యాటరీ వైపు ప్లగ్‌లో పాజిటివ్ తొడుగులో ఉన్నదే కావాలి. తిరగేసి కలిపితే, ఏదీ తగిలించకపోయినా ఆ బయటి పిన్ను మీద ప్లస్ ఉంటుంది. తడి డెక్ మీద అది దేనికి తగిలినా ఫ్యూజు ఎగిరిపోతుంది, ఉప్పునీటిలో అయితే పిన్నే కరిగిపోతూ వస్తుంది.

స్విచ్‌లు డబ్బా మీదే పెట్టుకోవడం అన్నిటికంటే తేలిక. డబ్బా సీటు వెనకే ఉంటే చెయ్యి వెనక్కి చాపి వేసుకోవచ్చు. సీటు పక్కన ప్యానెల్ కావాలనుకుంటే సరే, కానీ అప్పుడు ప్రతి స్విచ్‌కీ రెండేసి అతుకులు డబ్బా బయటికి వస్తాయి. అందంగా ఉంటుందని మాత్రం ఆ పని చేయకండి.

డబ్బా పడవ మధ్య గీత మీద, సీటుకు దగ్గరగా, వీలైనంత కింద ఉండాలి. ఒక పక్కకు పెడితే పడవ అటు వాలుతుంది. రెండు పట్టీలతో పడవకు కట్టేయండి.

అతుకు వేయడం

ఇక్కడ తొందరపడొద్దు. వైరు తొడుగు 7 మిల్లీమీటర్ల మేర ఒలవండి. తీగల్లో ఒక్కటి తెగినా ఆ ముక్క కత్తిరించేసి మళ్లీ ఒలవండి. తీగలను వేళ్లతో ఒక్క మెలి తిప్పి కనెక్టర్‌లోకి పూర్తిగా తోయండి, రాగి బయటికి కనపడకూడదు. లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ కనెక్టర్లే వాడండి. ర్యాచెట్ క్రింపర్‌తో నొక్కండి. అది పూర్తిగా నొక్కేదాకా నోరు తెరవదు కాబట్టి సగం సగం క్రింపులు పడవు. మామూలు పట్టుకారుతో నొక్కితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల రాగి వదులుగా ఉంటుంది. తర్వాత రెండు చేతులతో పట్టి గట్టిగా లాగండి. ఊడివస్తే సంతోషించండి, ఒడ్డునే ఊడింది.

లాగి చూశాకే వేడి చేయండి. హీట్ గన్‌ని కనెక్టర్ చుట్టూ తిప్పుతుంటే తొడుగు ముడుచుకుపోయి, రెండు చివర్లా జిగురు సన్నటి పూసలా బయటికి వస్తుంది. ఆ పూస చుట్టూరా కనపడితేనే సీలు పడినట్టు. లైటర్‌తో కాలిస్తే తొడుగు ఒకవైపు మాడి ఇంకోవైపు పచ్చిగా ఉంటుంది.

టంకం గట్టిదనిపిస్తుంది కానీ పడవల్లో దాన్నే నమ్ముకోకూడదు. కరిగిన టంకం తీగల మధ్యకు పాకిన మేరకు వైరు కడ్డీలా బిగుసుకుని, అది ఆగిన చోట కుదుపులకు విరుగుతుంది. ఇన్సులేషన్ టేపు సంగతి అసలు ఎత్తకండి, ఎండకు దాని జిగురు కారిపోతుంది.

డొల్లలో వైరు లాగడం

కన్నం పెట్టేముందు హ్యాచ్ లోంచి చెయ్యి పెట్టి ఆ చోట లోపల ఏముందో తడిమి చూడండి. ఫోమ్ దిమ్మె ఉండొచ్చు, స్కప్పర్ గొట్టం ఉండొచ్చు. ఫోమ్ దిమ్మెలు డెక్ కుంగకుండా నిలబెడతాయి, కొన్ని పడవలు నిండినా తేలేది వాటివల్లే. వైరుకు అడ్డమని పీకేయకండి. నీటి గీతకు కింద కన్నం ఎప్పుడూ వద్దు. నిలువు గోడ దొరికితే డెక్ చదును మీద కంటే అక్కడే మేలు, నీరు నిలవదు.

పైన మాస్కింగ్ టేపు అంటించి గుర్తు పెట్టి, ముందు సన్న బిట్‌తో, తర్వాత స్టెప్ బిట్‌తో నెమ్మదిగా వెడల్పు చేయండి. అంచున లేచిన ప్లాస్టిక్ పీచును బ్లేడుతో గీకేయండి, లేకపోతే రబ్బరు వాషర్ సరిగా కూర్చోదు. ఈ పడవల ప్లాస్టిక్ పాలిథిలీన్, దానికి సిలికాన్ అంటుకోదు, ఎండాక గోరుతో లాగితే పొరలా వచ్చేస్తుంది. అందుకని జిగురు మీద కాకుండా నియోప్రీన్ వాషర్‌ని నట్టుతో బిగించిన ఒత్తిడి మీద ఆధారపడండి. కింద ఒక వరస బ్యూటైల్ టేపు వేస్తే ఇంకా మంచిది.

ఒక హ్యాచ్ నుంచి ఇంకో హ్యాచ్‌కి వైరు లాగడానికి సన్నటి నైలాన్ తాడు చివర ఇనుప నట్టు కట్టి లోపల వదలండి. బయటి నుంచి డెక్ మీద అయస్కాంతం పెట్టి జరిపితే నట్టు దాని వెంటే వస్తుంది, పైజామాలో బొందు ఎక్కించినట్టే. డెక్ మందంగా ఉండి అయస్కాంతం పట్టకపోతే కరెంటు పనివాళ్లు గొట్టాల్లో వైరు లాగే స్ప్రింగు వాడండి. తాడు అందాక వైరు దానికి కట్టి లాగండి, వైరుతో పాటు ఇంకో తాడు కూడా లాగి లోపలే వదిలేయండి. రేపు ఇంకో దీపం పెట్టాలనిపిస్తే ఈ తాడే పనికొస్తుంది.

వైర్లు డొల్ల అడుగున పడి ఉండకూడదు, డెక్ లోపలి వైపుకు జిగురు క్లిప్పులతో పట్టించండి. ఆ క్లిప్పులు కూడా పాలిథిలీన్‌ని గట్టిగా పట్టుకోవు కాబట్టి హ్యాచ్ అంచుల దగ్గర, స్క్రూలు ఇప్పటికే ఉన్నచోట పట్టీ బిగించుకుంటే నిలుస్తుంది. ప్రతి గ్లాండ్ ముందు వైరుకు చిన్న వేలాడే మెలిక ఉంచండి. వైరు వెంట జారిన చుక్క ఆ మెలిక అడుగున రాలిపోతుంది, లోపలికి పాకదు.

ఫిష్ ఫైండర్

ట్రాన్స్‌డ్యూసర్ (నీటిలోకి శబ్దతరంగాలు పంపి, ప్రతిధ్వని పట్టుకునే భాగం) ఎక్కడ పెట్టాలన్నదానికి మూడు దారులున్నాయి. స్కప్పర్‌లో దానికోసమే గుంట ఉన్న పడవైతే అందులో. లేకపోతే పక్క నుంచి నీటిలోకి దించే కడ్డీ మీద. మూడోది డొల్ల లోపల అడుగుకు అంటించడం. పాలిథిలీన్‌గుండా మామూలు సోనార్ బాగానే పనిచేస్తుంది, జిగురులో గాలి బుడగ ఒక్కటి కూడా లేకపోతే. అయితే అడుగునా పక్కలా ఉన్నవాటిని బొమ్మలా చూపే డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ అలా సరిగా రావు, నీటి ఉష్ణోగ్రత కూడా తప్పుగా చూపుతుంది. ఆ సదుపాయాలకు డబ్బు పెట్టినవాళ్లు ట్రాన్స్‌డ్యూసర్‌ని నీటిలోనే పెట్టుకోవాలి.

దాని కేబుల్ ఎంత పొడవున్నా కత్తిరించకండి. మిగిలింది ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా మడిచి కట్టండి. కేబుల్ సన్నమే గానీ చివరి ప్లగ్ లావు, దానికి సరిపడా కన్నం చేయాలి. కేబుల్ చుట్టూ మిగిలిన ఖాళీకి మధ్యలో చీలిక ఉన్న రబ్బరు బిరడా, పైన రెండు ముక్కల మూత వస్తాయి. మామూలు గ్లాండ్ ఇక్కడ పనికిరాదు. ఈ కేబుల్ మోటార్ వైర్లకూ యూఎస్‌బీ చార్జర్ వైర్లకూ పక్కన కాకుండా పడవ రెండో వైపు నుంచి పోనివ్వండి. తెర మీద వడగళ్లలా చుక్కలు పడుతుంటే ముందు ఫోన్ చార్జర్ తీసి చూడండి, సగం సార్లు దొంగ అదే.

దీపాలు, మోటార్, మిగతావి

డెక్ కింద అంటించే రంగు ఎల్‌ఈడీ పట్టీలు అలంకారమే, దారి దీపాలు (మీ పడవ ఎటు పోతోందో మిగతా పడవలకు చూపేవి) కావు. సముద్రంలో ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల్లో 25వది తెడ్లతో నడిచే పడవల గురించి చెబుతుంది: దారి దీపాలు పెట్టకపోతే తెల్లటి టార్చి అయినా చేతికి సిద్ధంగా ఉండాలి, ఢీ తప్పించేంత ముందుగా చూపాలి. నేనైతే తలకంటే ఎత్తున కర్ర మీద నాలుగు వైపులా కనపడే తెల్ల దీపం పెట్టమంటాను. ఎరుపు, ఆకుపచ్చ పట్టీలు ఇష్టం వచ్చినచోట పెట్టకండి. ఎరుపు ఎడమకు, ఆకుపచ్చ కుడికి గుర్తు. తారుమారైతే ఎదురొచ్చే పడవవాడు మీరు అటు పోతున్నారనుకుని ఇటు తిప్పుతాడు. నదులు, చెరువుల్లో స్థానిక నిబంధనలు వేరుగా ఉండొచ్చు, చూసుకోండి.

ట్రోలింగ్ మోటార్ (పడవను నడిపే చిన్న కరెంటు మోటార్) పెడితే కథ మారుతుంది. అది 30 నుంచి 50 యాంప్‌ల దాకా లాగుతుంది. దానికి వేరే బ్యాటరీ, పక్కనే 50 లేదా 60 యాంప్‌ల సర్క్యూట్ బ్రేకర్, 16 స్క్వేర్ ఎంఎం కేబుల్ కావాలి. పైన చెప్పిన డబ్బాలోంచి దానికి శాఖ తీయకండి. మోటార్ పెట్టగానే మీ పడవ యంత్రపు పడవ లెక్కలోకి వస్తుంది, దీపాల నిబంధన కూడా మారుతుంది.

నీళ్లు తోడే పంపుకి ఫ్లోట్ స్విచ్ (నీరు పెరగగానే దానంతటదే పంపును వేసేది) ఉంటే దాన్ని మెయిన్ స్విచ్ దాటించి నేరుగా బ్యాటరీకి, తన సొంత ఫ్యూజుతో ఇవ్వండి. చాలా కయాక్‌లకు చేతిపంపు చాలు. చేతిలో పట్టుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో ఈ వైరింగ్‌కి తగిలించనే వద్దు, అది మీ లైఫ్ జాకెట్‌కే ఉండాలి. పడవ ఒకవైపు, మీరు ఒకవైపు కొట్టుకుపోయినప్పుడే దాని అవసరం.

నీటిలో దించేముందు

పరికరాలన్నీ ఊడదీసి, బ్యాటరీ తగిలించకుండా, మల్టీమీటర్‌తో పాజిటివ్ నెగటివ్‌ల మధ్య చూడండి. బీప్ వస్తే ఎక్కడో షార్ట్ ఉంది. రాకపోతే నెగటివ్ ముందు, పాజిటివ్ చివర బ్యాటరీకి బిగించండి. తర్వాత అన్నీ ఆన్ చేసి, బ్యాటరీ దగ్గరా, పరికరం ప్లగ్ దగ్గరా వోల్టేజ్ కొలవండి. తేడా 0.36 దాటితే ఏదో క్రింప్ సరిగా పడలేదన్నమాట. ఏమీ నడవనప్పుడు కొలిస్తే చెడ్డ అతుకు కూడా బాగానే చూపిస్తుంది, అందుకే అన్నీ ఆన్‌లో ఉండాలి.

తర్వాత రెండు బకెట్ల నీళ్లు డెక్ మీద కుమ్మరించి డబ్బా, హ్యాచ్ తెరిచి చూడండి. చివరగా నడుం లోతు నీటిలో పడవను కావాలనే బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కండి. ఫిష్ ఫైండర్ తీసేసి చేయవచ్చు, కానీ కేబుళ్లు మాత్రం ఉండాలి. పాదానికో లైఫ్ జాకెట్ పట్టీకో ఏ వైరు చుట్టుకుంటోందో ఇక్కడే తెలుస్తుంది. బయట వేలాడే వైరు ఏదీ జానెడుకు మించి ఉండకూడదు.

ఉప్పునీటిలో తిరిగొచ్చిన ప్రతిసారీ ప్లగ్‌లు మంచినీటితో కడిగి ఆరనివ్వండి, పిన్నులకు కాస్త డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. డబ్బా మూత రాత్రంతా తీసి ఉంచండి. పడవను కారు మీద బోర్లా కట్టేముందు డబ్బా, తెర రెండూ తీసేయండి. కొన్ని నెలలు వాడకపోతే లిథియం బ్యాటరీని సగం చార్జితో, లెడ్ యాసిడ్‌ని నిండుగా చార్జ్ చేసి పెట్టండి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న గదిలో లిథియంకి చార్జింగ్ పెట్టకండి, లోపలికి తెచ్చి వెచ్చబడ్డాకే తగిలించండి.